చిలకపచ్చ చీర

"ఇది చిలకపచ్చ కాదమ్మాయ్. చిలకని బురదలో ముంచి తీసినట్టుంది," అంటూ శేషారత్నమ్మ అచ్చు షీటుని బల్ల మీద బోర్లించింది.

చీరాల చేనేత మహిళల సంఘానికి ఆవిడ అధ్యక్షురాలు. నలభై మగ్గాల తరఫున పొద్దున్నే బస్సెక్కి గుంటూరులో ఈ ప్రెస్సుకి వచ్చింది. సంఘం తొలిసారి అచ్చు వేయిస్తున్న కేటలాగు అది. అట్ట మీద బొమ్మ కొత్త చిలకపచ్చ పట్టుచీరది. ఆ రంగు కుదరడానికి వాళ్ళకి ఏడు నెలలు పట్టింది. సోమవారం హైదరాబాదులో ప్రదర్శన. వ్యాపారులు ఆ కేటలాగు చూసే ఆర్డర్లిస్తారు.

"పోయినేడు ఫోన్లో ఫోటోలు పంపాం. ఫోటో ఒక రంగు, చీర ఒక రంగు అని పదహారు చీరలు తిప్పి పంపారు. ఈసారీ అదే అయితే మా ఆడవాళ్ళు మగ్గాలు కట్టేసి కూలికి పోతారు. చీర ఇక్కడే వదిలి వెళ్తున్నా. రేపు మధ్యాహ్నం వస్తా. కుదిరితే వేయండి, లేకపోతే అట్ట తెల్లగానే ఉంచండి."

ఆవిడ వెళ్ళిపోయాక వకుళకి చాలాసేపు ఎవరి ముఖమూ చూడాలనిపించలేదు.

డిజైన్ కాలేజీలో బంగారు పతకం తెచ్చుకున్న పిల్ల. అచ్చు పని నేర్చుకోవాలని నాలుగు నెలల క్రితం ఈ ప్రెస్సులో చేరింది. సంఘం వాళ్ళకి లాప్‌టాప్ తెరిచి చూపించినప్పుడు తెర మీద ఆ చీర ధగధగలాడింది. ఆడవాళ్ళు నోళ్ళు తెరిచారు. "అచ్చంగా ఇలాగే దించుతాం," అని ఎవరూ అడక్కుండానే మాటిచ్చేసింది.

ఇప్పటికి మూడు నమూనాలు తీశారు. మొదటిసారి రంగు వెలిసినట్టుంటే నీలం పెంచింది. నల్లబడింది. పసుపు పెంచి, మడతలు తేలడానికి నలుపు కలిపింది. బురదగా తేలింది. పెంచిన కొద్దీ తెర మీది రంగు ఇంకా దూరం జరుగుతోంది.

గులాం దస్తగిరి మిషను పక్కన కూర్చుని రోలరు తుడుస్తున్నాడు. నలభై ఏళ్ళుగా ఆ వేళ్ళ సందుల్లో సిరా పోలేదు. ప్రెస్సులో అందరికీ ఆయన ఉస్తాదే.

"ఉస్తాద్, నా ఫైలులో తప్పు లేదు," అంది వకుళ. "తెర మీద చూడండి, ఎలా ఉందో! మిషను పాతదైపోయింది. సిరాలైనా మార్చాలి."

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. మిషనుని వెనకేసుకొస్తాడని ఆమె ఎదురు చూసింది. ఆయన ఆ మాటే ఎత్తలేదు.

"నీ లాప్‌టాప్, ఆ షీటు, ఆ చీర, మూడూ తీసుకుని ప్లేట్ల గదిలోకి రా అమ్మా."

అచ్చు ప్లేట్లు తయారుచేసే ఆ గదికి కిటికీ లేదు. బల్ల మీద మూడింటినీ పక్కపక్కన పెట్టించాడు. తలుపు మూసి లైటు ఆర్పాడు.

చీకట్లో తెర ఒక్కటే వెలుగుతోంది. నిజంగానే బావుంది. వకుళకి కాస్త ధైర్యం వచ్చింది.

"చూశారా ఉస్తాద్?"

"చూశాను. దాని వెలుగు కాస్త తగ్గించు."

మీట నొక్కుతూ బాగా తగ్గించింది. తెర మసకైనా చీర బొమ్మ కనిపిస్తూనే ఉంది.

"నేను అచ్చేసిన షీటు కనిపిస్తోందా?"

"లేదు."

"శేషారత్నమ్మ గారి చీర?"

వకుళ బల్ల వైపు వంగింది. చెయ్యి చాపితే పట్టు మెత్తగా తగిలింది. కంటికి మాత్రం అక్కడేమీ లేదు. ఏడు నెలలు కష్టపడి అద్దిన రంగు, ఆ చీకట్లో కాగితంతో పాటే మాయమైపోయింది.



దస్తగిరి తలుపు తెరిచాడు. లాప్‌టాప్ మూసి చంకన పెట్టుకున్నాడు.

"ఇది రేపటిదాకా నా దగ్గరుంటుంది," అని వెళ్ళిపోయాడు.

వకుళ చీర పట్టుకుని ప్రెస్సు వాకిట్లోకి వచ్చింది. మూడు గంటల ఎండ. మెట్ల మీద చీర పరిచి కూర్చుంది. ఇన్ని రోజుల్లో ఆ చీరని ఎండలో చూడటం అదే మొదటిసారి. స్టూడియోలో నాలుగు లైట్ల మధ్య ఫోటో తీయించింది, తెర మీద రంగు ఇంకా పెంచింది, అప్పట్నుంచీ ఆ ఫోటో మొహమే చూస్తోంది.

తెర మీది మిలమిల చీరకి లేదు. లేత మామిడాకులో ఉండే పసుపుదనం ఉంది. మడత లోపల నలుపు కాదు, ముదురాకు రంగు. మడత మీద ఎండ పడిన చోట రంగే లేదు, ఉత్త తెలుపు.

లోపలికి పరుగెత్తి రంగుల పట్టీల పుస్తకం తెచ్చింది. నీలం, గులాబీ, పసుపు, నలుపు సిరాల్లో ఏది ఎంత పాళ్ళలో పడితే కాగితం మీద ఏ రంగు వస్తుందో చూపించే పుస్తకం అది. పొద్దు వాలేదాకా ఒక్కో పట్టీని చీర మీద ఆనించి చూసి, పాళ్ళు రాసుకుంది. మెట్లెక్కే వాళ్ళు ఆమెని చుట్టి వెళ్ళారు.

మర్నాడు ప్రెస్సు తెరవగానే కాగితం తీసుకుని దస్తగిరి ముందు నిలబడింది.

"ఉస్తాద్, తెరకి సొంత వెలుగుంది, చీరకీ కాగితానికీ లేదు. తెర మీద వెలుగులు కలిపిన కొద్దీ తెలుపుకి దగ్గరవుతుంది. మన సిరాలు కలిపిన కొద్దీ నలుపుకి పోతుంది. నేను మూడుసార్లూ కలుపుతూనే పోయాను. ఇవాళ తీసేస్తాను."

"ఏం తీసేస్తావు?"

"ఆకుపచ్చలోంచి గులాబీ సిరా మొత్తం. నలుపు లోతైన మడతల్లో తప్ప ఎక్కడా వద్దు. నీలం సగానికి. పట్టు మెరిసే చోట ఒక్క చుక్క కూడా వేయను, కాగితాన్ని వదిలేస్తాను. ఫోటోలో చీర వెనకాలున్న నారింజ గోడ తీసేసి బూడిదరంగు పెడతాను. అది తగ్గితే చీర లేస్తుంది."

దస్తగిరి లాప్‌టాప్ తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

మార్చిన ఫైలు తెర మీద చప్పగా కనిపించింది. చూడటానికి వచ్చిన మిషను మనిషి కోటయ్య పెదవి విరిచాడు. "నిన్నటిదే నయం కదమ్మా," అన్నాడు. వకుళ అంకెలు మరోసారి సరిచూసుకుంది. ఒక్కటీ మార్చలేదు.

కొత్త ప్లేట్లు ఎక్కేసరికి పన్నెండు దాటింది. శేషారత్నమ్మ అప్పటికే వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. మిషను తిరిగింది. పాత ప్లేట్ల రంగు పోయి కొత్తది నిలబడేదాకా కోటయ్య షీట్లు పోనిచ్చాడు. రెండు వందలు దాటాక ఒకటి లాగాడు. లాగిన వాడు దాన్ని చూస్తూ నిలబడిపోయాడు.

వకుళ షీటు తీసుకుని తిన్నగా ఎండలోకి నడిచింది. మెట్ల మీద చీర పరిచి, పక్కన షీటు పెట్టింది.

శేషారత్నమ్మ వంగింది. షీటునీ చీరనీ మార్చి మార్చి చూసింది. జరిగి మళ్ళీ చూసింది. ఉన్నట్టుండి చెయ్యి చాపి బొమ్మలోని కుచ్చెళ్ళ మీద బొటనవేలితో రాసింది, మడత సర్దబోయినట్టు. వేలికి కాగితం తగిలింది.

"ఓరి దేవుడా!" అని పెద్దగా నవ్వేసింది. "నా చీరనుకున్నా! సాయిబు గారూ, మా రంగు దొరికింది! వేసెయ్యండి, ఎన్ని వేస్తారో వేసెయ్యండి!"

వాకిలి నిండా ప్రెస్సు మనుషులు. కోటయ్య చప్పట్లు కొట్టాడు. శేషారత్నమ్మ వకుళ రెండు చెంపలూ పట్టుకుని ఊపేసింది. ఆ పిల్ల నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది, మళ్ళీ నవ్వుతోంది.

దస్తగిరి చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు. ఆ ప్రెస్సులో ఏ పనికైనా రంగు సరిగ్గా కుదిరిన షీటు మీద ఆయన సంతకం పడితేనే మిషను పూర్తి వేగం అందుకుంటుంది. ఇరవై ఏళ్ళలో ఆ సంతకం ఇంకొకరు పెట్టింది లేదు.

పెన్ను వకుళకి అందించాడు.

ఆమె షీటు మూల మీద తన పేరు రాసి, తలెత్తి అడిగింది.

"మరి తెర అబద్ధం చెప్పినట్టా ఉస్తాద్?"

"లేదమ్మా," అన్నాడాయన. "అది తన వెలుగు చూపించింది. నువ్వు చీర మీద పడే వెలుగు చూపించావు."

లోపల మిషను వేగం అందుకుంది.