పరదా కొలత

దర్గా ఉరుసుకు ఇంకా ఇరవై రోజులే ఉన్నాయి. యాత్రికుల కోసం కడుతున్న సత్రానికి పైకప్పు పడింది కానీ, నాలుగు గదుల్లోనూ నేలకు బండలు పరచాలి. జిలానీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

జిలానీ ఊళ్లో పేరున్న మేస్త్రీ. ఎనిమిదేళ్ల కింద నూరుల్లా ఫకీరు దగ్గర శిష్యుడిగా చేరాడు. ఈ సత్రం గురువుకు తాను మొక్కుకున్న సేవ. ఉరుసు నాటికి ఒక్క బండ కూడా మిగలకూడదని అతని పట్టుదల. అందుకే బండలు కోసే మిషన్‌కు నీళ్లు పెట్టనివ్వలేదు. నీళ్లు పెడితే పని నత్తనడకే. పొడిగా కోస్తే చకచకా సాగుతుంది. బూడిద రంగు దుమ్ము మాత్రం వీధంతా కమ్ముకుంటుంది.

గురువుకు ఆయాసం ఉందని జిలానీ మరిచిపోలేదు. బజారుకు పోయి ఆకుపచ్చ పరదా తెచ్చి, సత్రం పక్కనే ఉన్న ఆయన గది చుట్టూ తన చేత్తోనే బిగించి కట్టాడు.

"ఇంక మీ గదిలోకి రవ్వంత దుమ్ము కూడా రాదు హజరత్."

ఫకీరు పరదాను వేలితో తట్టి చూశాడు. "బాగా కట్టినావు బేటా. మరి ఆ దుమ్మంతా యాడికి పోతాంది?"

"వీధిలోకి పోతాంది."

ఫకీరు పరదా సందులోంచి వీధికేసి చూశాడు.

ఆ మధ్యాహ్నం ఎదురింటి మద్దిలేటమ్మ వచ్చి, పనివాళ్ల మధ్య నిలబడి గట్టిగానే అంది. "మేస్త్రన్నా, మా ఇంట్లో నాలుగు నెలల బిడ్డుండాది. దగ్గి దగ్గి పాలు కూడా తాగడం లేదు. రెండు బిందెల నీళ్లు పోసుకొని కోయకూడదా?"

"దేవుని పనమ్మా. ఇరవై రోజులు ఓర్చుకో," అన్నాడు జిలానీ.

దేవుని పేరు చెప్తే ఎవరు మాత్రం ఏమంటారు? ఆమె వెళ్లిపోయింది. పరదా వెనక ఫకీరు ఆ మాటలు విన్నాడు.

మర్నాడు పొద్దున జిలానీ టీ తీసుకుపోతే గదిలో గురువు లేడు. చాప కూడా లేదు. వెతికితే మద్దిలేటమ్మ వసారాలో ఉన్నాడు. ఉయ్యాల ఊపుతున్నాడు. దుమ్ము పడకుండా ఆమె ఉయ్యాల చుట్టూ తడిచీర కప్పింది. ఆ చీర మీద బురద చారలు. ఫకీరు దగ్గుతూనే ఊపుతున్నాడు.

"ఇక్కడ మీకు ఆయాసం వస్తుంది హజరత్, రండి."

"బిడ్డ నిద్రపోతాంది. ఎట్లా వచ్చేది?"

జిలానీ పరుగున పోయి, గదికి కట్టిన పరదా విప్పి తెచ్చి వసారాకు కట్టాడు. ఫకీరు సంతోషంగా చూశాడు. మర్నాడు చాప చుట్టుకొని పక్కింటికి మారాడు. అక్కడ చిన్నకిష్టప్ప బట్టలు ఉతికి ఇస్త్రీ చేస్తాడు. దుమ్ము పడి, నాలుగు రోజులుగా ఉతికిన చొక్కాలే మళ్లీ ఉతుకుతున్నాడు. జిలానీ అక్కడ టార్పాలిన్ కట్టాడు.

మూడో రోజు ఫకీరు ఆటోస్టాండు దగ్గర, నడివీధిలో చాప పరిచాడు. పరదా కట్టడానికి అక్కడ గోడ లేదు, గుంజ లేదు. అవతల మిషన్ మొదలైంది. ఫకీరుకు దగ్గు తెర అందుకుంది. ఎంతకీ ఆగలేదు. కళ్లు ఎర్రబడ్డాయి, ఛాతీ ఎగిసెగిసి పడుతోంది. చేతిలో తాడు పట్టుకొని నిలబడ్డ జిలానీకి ఏడుపు తన్నుకొచ్చింది.

"వీధి మొత్తానికి సరిపోయే పరదా నేను యాడ తెచ్చేది హజరత్?"

ఫకీరు ఊపిరి కూడదీసుకున్నాడు.

"మేస్త్రీవి నువ్వు. కొలత నన్నడుగుతావా?"

జిలానీ వెనక్కి తిరిగి చూశాడు. దుమ్ము పుట్టే చోటు నాలుగు గదుల సత్రం, అంతే. వెళ్లి మిషన్ ఆపించాడు.

ఆ సాయంత్రానికి పరదా సత్రం చుట్టూ ఎక్కింది. ఇసుక కుప్ప మీద తడి గోనెపట్టాలు పడ్డాయి. మిషన్‌కు నీళ్ల పైపు తగిలించారు. పని నత్తనడక నడిచింది.

ఉరుసు వచ్చింది. మూడు గదులే పూర్తయ్యాయి. నాలుగో గదిలో ఇంకా మట్టినేలే. జిలానీ తల వంచుకొని గడప దగ్గర నిలబడ్డాడు. అటువైపు, మద్దిలేటమ్మ వసారాలో ఉయ్యాల మీద చీర లేదు. బిడ్డ కాళ్లు ఆడిస్తోంది.

ఫకీరు చాప తెచ్చి ఆ నాలుగో గదిలోనే పరిచాడు. కూర్చొని, నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఈ గది బాగా కట్టినావు బేటా."