ఆగి పడిన అడుగు

కొండ మీద కాఫీ తోటలో మూతపడిన క్లబ్బు ఒకటుంది. దాని కాపలాదారు దగ్గర మిగిలినవి డెబ్బైల నాటి రికార్డులు రెండే, ఒకటి గెంతించే డిస్కో, ఇంకొకటి నిదానంగా సాగే సోల్ పాట. పొద్దు వాలి మంచు దిగే వేళ మొదట డిస్కో, తర్వాత సోల్ పెట్టుకుని అతను వరండాలో కునికిపాట్లు పడేవాడు.

ఆ సోల్ పాట కోసం కుందేలు నూకాలు పగలంతా ఎదురుచూసేది. దరువు ముందు వెళ్ళిపోతుంది. పాడే మనిషి మాత్రం గుమ్మం దగ్గర ఆగిన చుట్టంలా కాస్త తటపటాయించి, అప్పుడొచ్చి కలుస్తాడు. ఆ ఆగే క్షణంలో నూకాలు మంచులో తేలిపోయేది.

నెమలి సింగారానికి మాత్రం డిస్కో అంటే పిచ్చి.

"నీ పాటకి నిద్రొచ్చేస్తాదే! డిస్కోకైతే కాలు దానంతటదే లేస్తాది" అనేది.

"లేస్తాది, దిగుతాది. గానుగెద్దు కూడా అంతే కదరా. మనసేదీ అందులో?"

"మనసుతో ఎవడైనా గెంతుతాడేటి?"

ఒక సాయంత్రం ఈ గొడవ నక్క జోగులు చెవిన పడింది.

"ఎందుకర్రా కొట్టుకుంటారు? ఇద్దరూ ఆడండి, తీర్పు నాను సెప్తాను. ఓడినోళ్ళు రేపట్నుంచి ఇటేపు రాకూడదు."

నూకాలు క్లబ్బు వరండా వైపు చూసింది. ఆ పాట లేని సాయంత్రం ఎందుకు? అయినా వెనక్కి తగ్గితే ఓడినట్టే.

కాఫీ తొక్కు పారేసే గుంట పక్కన డిస్కోకి సింగారం పురి విప్పింది. జోగులు బుద్ధిగా దూరంగానే కూర్చుని తోకతో దరువు వేసింది. సింగారం అడుగు ఎప్పుడు, ఎక్కడ పడుతుందో దానికి ఇట్టే తెలిసిపోయింది. సరిగ్గా దరువు మీద దూకి సింగారం తోకను కాలికింద అదిమేసింది.

"బాగుందిరా నీ డిస్కో! ఎక్కడా తప్పలేదు."

నూకాలుకి పారిపోవాలనే అనిపించింది. కానీ సింగారం కళ్ళు దాని వైపే చూస్తున్నాయి. అంతలో రికార్డు మారి సోల్ మొదలైంది.

"మావా, ఒక్క పాటకే తీర్పా? నాదీ సూడు" అంది ముందుకొచ్చి.

రెండో ముద్ద కూడా నడిచొస్తుంటే జోగులు కాదంటుందా?

నూకాలు గుంట అంచుకీ గడ్డికీ మధ్య అటూ ఇటూ ఆడింది. భయాన్ని కూడా పాటలోనే వదిలేసింది. జోగులు తోక మళ్ళీ దరువు పట్టింది. ఈసారి కుందేలు అంచు మీదికి వస్తుందనగా, దరువు మీదే జోగులు ఎగిరి దూకింది.

అంచు మీద నూకాలు లేదు. పాడే గొంతు ఆగినచోటే, కాలు గాల్లో ఉంచి, అదీ ఆగిపోయింది. జోగులు నేరుగా వెళ్ళి కుళ్ళిన తొక్కులో మెడదాకా దిగబడింది. తోక విడిపడగానే సింగారం క్లబ్బు కప్పు మీదికి ఎగిరిపోయింది.

"దొంగాట! తాళం తప్పావు!" అని గుంటలోంచి అరిచింది జోగులు.

"నాను తప్పలేదు మావా. నువ్వే తొందరపడిపోనావు" అంది నూకాలు, అప్పుడు మెల్లగా కాలు దించి.

జోగులు ఎలాగో బయటపడింది గానీ ఆ కంపు వదల్లేదు. అది వస్తోందని అడవంతా ముందే తెలిసిపోయేది.

మర్నాడు సింగారం నూకాలు పక్కన చేరి, "నాకూ ఆ ఆగడం నేర్పవే" అంది.

"నేర్పుతాను. ముందు డిస్కో రానీ, నాకూ గెంతాలనుంది."

మన అడుగు ఎప్పుడు పడుతుందో ఎదుటివాడికి ముందే తెలియనివ్వకూడదు.