గుర్తు లేని బొంత

మా గవర్రాజు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. పాలిటెక్నిక్‌లో ఇరవై ఆరేళ్ళు కంప్యూటర్లు చెప్పి రిటైరైన మనిషి. "ఇదెలా పనిచేస్తుంది సార్?" అని అడిగితే, సుద్దముక్క దొరక్కపోతే వేలితో గాలిలోనైనా బొమ్మ గీసి చెప్పేవారు. భయంతో అడిగిన ప్రశ్నకు మాత్రం బొమ్మ ఉండేది కాదు. "చెప్పులేసుకో అమ్మాయ్" అని తానే ముందు గుమ్మం దిగేవారు. ఆయన శిష్యులం అందరం అలా ఆయన వెనకాల ఎండలో తిరిగినవాళ్ళమే. నన్నొకసారి రైల్వే గేటు దగ్గర రెండు గంటలు నిలబెట్టారు. ఎందుకో ఇక్కడ చెప్పను, పరువు పోతుంది.

హైమావతి నాతోపాటు చదువుకుంది. మా ఊళ్ళో తలసేమియా పిల్లలకు రక్తం ఎక్కించే చిన్న సెంటర్లో రికార్డులన్నీ చూసేది ఆమే. అరవై ముగ్గురు పిల్లలు. ఎవరిది ఏ గ్రూపు, ఎవరికి ఏ దాత రక్తం సరిపడింది, ఎవరికి ఏది ఎక్కిస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, ఇలా పదకొండేళ్ళ వివరాలు. అవి పోతే మళ్ళీ మొదటినుంచీ ఆ పసివాళ్ళ ఒంటిమీదే తెలుసుకోవాలి. అందుకని కంప్యూటరు గదికి రెండు తాళాలు వేసేది. చాలదన్నట్టు, కాపీ తీసిన డిస్కును రోజూ క్యారేజీ సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేది. పెరుగన్నం గిన్నె పక్కన అరవై ముగ్గురి ప్రాణాలూ ఆటోలో ఊగుతూ వెళ్ళేవి. మేం ఎంత ఏడిపించినా మానలేదు.

ఆ శ్రావణంలో గోదావరి పెరిగింది. రెండో ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. సెంటరున్న వీధి పల్లం. ఆమె ఇల్లూ అంతే. డాక్టరుగారు సాయంత్రంలోగా రికార్డులన్నీ క్లౌడ్‌లోకి పంపేయమన్నారు. హైమావతి పొద్దున్నే సంచి గుండెలకు హత్తుకుని మాస్టారింటికి వచ్చింది.

"క్లౌడంటే ఎవరిదో కంప్యూటరే కదా సార్. ఊరూ పేరూ తెలియని చోట, వేలమంది సామానుతో కలిపి పడేశాక, అది ఇంకా నా పిల్లలదేనని ఎలా నమ్మను?"

అడగవలసిన ప్రశ్నే. క్లౌడ్ అని పేరు పెట్టారు గాని ఆకాశంలో ఏమీ లేదు. ఎక్కడో పెద్ద పెద్ద షెడ్లలో కంప్యూటర్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. వాటిలో మనకు కావలసినంత చోటు, కావలసినన్నాళ్ళు అద్దెకిస్తారు. అవసరం పెరిగితే చోటు పెంచుతారు, తగ్గితే తగ్గిస్తారు. ఒక షెడ్డుకు ఏదైనా అయితే ఇంకో ఊరి షెడ్డులో కాపీ ఉంటుంది. ఇదంతా హైమావతికి తెలుసు, మాస్టారే చెప్పారు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

మాస్టారు ఆమె సంచివైపు చూశారు. "ఇవాళ సెంటర్లో ఇంకేం పని ఉంది?"

ఇంకో తలనొప్పి కూడా ఉంది. ఉతకడానికి వెళ్ళిన సెంటర్ దుప్పట్లలో జోషిత అనే ఆరేళ్ళ పిల్ల బొంత పొరపాటున కలిసిపోయింది. అది చెంపకు ఆనించుకోనిదే ఆ పిల్ల సూది వేయించుకోదు. మధ్యాహ్నం రక్తం ఎక్కించాలి.

"ముందు ఆ బొంత సంగతి చూద్దాం. చెప్పులేసుకో."

సెంటర్ బట్టలు ఉతికేది నూకాలమ్మ. వాళ్ళు వెళ్ళేసరికి ఆమె బట్టలుతికే రేవు గోదావరి నీళ్ళలో మునిగి ఉంది. బట్టలు ఉడకేసే బానలు గట్టుమీదికి చేర్చి, ఆమె తాపీగా ఆటోల్లోంచి ఉతికిన మూటలు దింపిస్తోంది.

"మా దుప్పట్లు ఎక్కడున్నాయి నూకాలమ్మా?" అంది హైమావతి.

"ఇప్పుడెక్కడున్నాయో నాకూ తెలవదండి. ఎవరియో తెలుసండి."

నీళ్ళు రాకముందే ఆమె మూటలను మూడు రేవులకు పంపేసింది. కొన్ని కాలవ మీద ఉన్న చెల్లెలికి, కొన్ని వియ్యపురాలికి, కొన్ని ఇంకెవరికో. శ్రావణం పెళ్ళిళ్ళ రద్దీలో నాలుగు చేతులు, రెండు బానలు అరువు తెచ్చుకోవడం, భాద్రపదంలో వదిలేయడం ఆమెకు ఏటా ఉన్న పనే. లాడ్జీ దుప్పట్లూ, కల్యాణమండపం తెరలూ, సెంటర్ దుప్పట్లూ అన్నీ ఒకే బానలో ఉడుకుతాయని విని హైమావతి ముఖం మాడ్చుకుంది. "బానకి అందరూ ఒకటేనండి. చూసుకునేది ఇది" అని నూకాలమ్మ ఒక దుప్పటి అంచు తిప్పి చూపించింది. సెంటర్ దుప్పట్లకు నల్లజీడి రసంతో పెట్టిన మూడు చుక్కలు, ఒక గీత. ఎన్ని ఉడుకులు ఉడికినా పోని గుర్తు. గంటలో ముప్పై ఎనిమిది దుప్పట్లూ మూడు రేవులనుంచీ వచ్చి ఆమె కాళ్ళముందు ఒక్కటిగా కూడాయి. ఒక్కటీ తగ్గలేదు.

బొంతకు మాత్రం గుర్తు లేదు. అలాంటివి రెండు బొంతలు మిగిలాయి. రెండూ పాతవే, రెండూ నీలం. హైమావతి ఒకటి తీసుకోబోతే నూకాలమ్మ రెండింటిమీదా చెయ్యి వేసింది.

"మీరు సెంటరు మేడమని నాకు తెలుసండి. బొంత మీదని ఎలా తెలుత్తాదండి? దీంట్లో ఏదో ఒకటి మీకు తెలిసింది, నాకు తెలియంది ఉండాలి కదండి. అది చెప్పండి."

హైమావతికి చిన్నతనమనిపించింది. ఏళ్ళ తరబడి తెలిసిన మనిషి తనను దొంగను చూసినట్టు చూసిందని ఒళ్ళు మండింది కూడా. అయినా జోషిత తల్లి శిరీషకు ఫోన్ చేసి, చేతులు ఖాళీ లేక స్పీకరు పెట్టింది. "బొంతలో ఓ మూల లోపల నేనొకటి పెట్టి కుట్టాను మేడం" అని శిరీష చెప్పబోతుండగానే నూకాలమ్మ ఫోను లాక్కుంది.

"స్పీకరేంటండీ! ఇక్కడ పదిమంది ఉన్నారు. అందరూ వింటే, రేపు ఎవడొచ్చి ఆ మాట చెప్పినా ఇచ్చెయ్యాలి నేను."

ఫోను చెవికి ఆనించుకుని అవతలికి వెళ్ళింది. తిరిగొచ్చి, వాళ్ళకు వీపు తిప్పి కూర్చుని, ఒక బొంత మూల కుట్టు కొంచెం విప్పి చూసి, మళ్ళీ సూదీ దారం తీసి కుట్టేసింది. అప్పుడు ఇచ్చింది. ఆ మూలలో ఏముందో హైమావతికి ఇప్పటికీ తెలియదు. నాకు తెలుసుకోవాలని చాలా ఉంది, కానీ అడగలేదు.

మధ్యాహ్నం జోషిత బొంతను చెంపకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది. ఆ పిల్ల చెయ్యి చాపిన తీరు హైమావతి నాకు తన చెయ్యి చాపి చూపించింది.

తర్వాత ఆమె రెండు తాళాలూ తీసి మాస్టారిని కంప్యూటరు గదిలోకి పిలిచింది. క్యారేజీ సంచిలోంచి డిస్కు తీసి బల్లమీద పెట్టింది.

"అర్థమైంది సార్. ఎక్కడుందన్నది కాదు, ఎవరిదన్నది తెలియాలి. పంపేస్తాను."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని కంప్యూటరు తెర అంచువైపు చూస్తున్నారు. అక్కడ, డ్యూటీ మారే నర్సులందరికీ వీలుగా ఉంటుందని, పెద్ద అక్షరాలతో రికార్డులు తెరిచే పాస్‌వర్డ్ రాసి టేపుతో అతికించిన కాగితం ఉంది. రెండేళ్ళుగా ఉంది.

"పంపు అమ్మాయ్" అన్నారు లేస్తూ. "ముందు ఆ కాగితం పీకు. నూకాలమ్మ ఇది చూసుంటే మనకి బొంత ఇచ్చేది కాదు."