దిబ్బమ్మకి నీళ్ళు పొయ్యరెందుకు

గొల్లరేవుకీ నూకలపేటకీ మధ్య ఐదు మైళ్ళు. బస్సులో వస్తుంటే సగం దారిలో రోడ్డు పైకి లేస్తుంది. ఆ ఎత్తు మీద దిగండి. కండక్టరుకి ట్రాందిబ్బ అని చెబితే చాలు, గుడి పేరు చెప్పక్కర్లేదు. దిగగానే ఎడమ పక్క రేకుల కప్పు, దాని కింద నడుమెత్తు రాయి, రాయికి పొడి పసుపు. ఆవిడే దిబ్బమ్మ. గుడి ముందు బారెడు ఇనప పట్టా మట్టిలోంచి తేలి ఉంటుంది. కాలికి తగుల్తుంది, చూసి నడవండి.

కొత్తవాళ్ళు చెంబుతో నీళ్ళు తెస్తారు. వెనక్కి తీసుకుపొమ్మంటాం. కొబ్బరికాయ కొట్టబోతే వద్దంటాం. కాయని కాయలాగే పెట్టి దణ్ణం పెట్టుకోవాలి. ఇదేం గుడమ్మా అని మొహం చిట్లిస్తారు. సంగతి తెలిశాక చిట్లించరు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, రోడ్డూ లేదు. ఎర్రమట్టి దిబ్బ, దాని మీద ఈ రాయి, అంతే. గొల్లరేవులో ఓడలు, నూకలపేటలో బియ్యం మిల్లులు. రెండూ పట్నాలయ్యాయి గానీ ఇటునుంచి అటు పోవాలంటే ఎడ్లబండిలో నడుములు పడిపోయేవి. తెల్లదొరల కాలంలో ఒక కంపెనీ వచ్చి పట్టాలేసి, పైన తీగ లాగి, కరెంటుతో నడిచే ట్రాం పెట్టింది. అరగంటలో చేర్చేది. గొల్లరేవు చేపలు నూకలపేట బజారుకి ఇంకా కొట్టుకుంటూనే వచ్చేవట.

ఆ ట్రాం డ్రైవరు సన్యాసయ్య. ఆయన అక్క అచ్చియ్యమ్మ ఈ దిబ్బ కింద పొయ్యి పెట్టుకుని, మూకుట్లో ఇసక కాచి శనగలు వేయించి అమ్మేది.

తొలి వానకి బండి దిబ్బ సగం ఎక్కి వెనక్కి జారింది. ఇలాంటప్పటికే డ్రైవరు కాళ్ళ దగ్గర ఇసకపెట్టె ఉంది. కాలితో తొక్కితే గొట్టంలోంచి చక్రం ముందు ఇసక రాలుతుంది, చక్రానికి పట్టు దొరుకుతుంది. ఆ రోజు సన్యాసయ్య కంగారులో తొక్కడం మర్చిపోయాడు. జనానికి అదంతా తెలీదు. పట్టాలు అమ్మ రాయి పక్కనుంచే పోతున్నాయి, ఆవిడకి కోపం వచ్చింది, శాంతి చెయ్యాలి అన్నారు.

అక్కణ్ణుంచి రోజూ పొద్దున్నే రాయికి పసుపునీళ్ళు, బండికీ పసుపునీళ్ళు. నూకలపేట పెద్దలు ఐదు బిందెలు పోస్తే గొల్లరేవు పెద్దలు ఏడు పోశారు. చక్రాల ముందు కొబ్బరికాయలు కొట్టారు. ఇసకపెట్టె మాత్రం ఏం పాపం చేసిందని దాంట్లోనూ పోశారు. బండి ఇంకా జారింది. జారినకొద్దీ బిందెలు పెంచారు. ఇప్పుడు సన్యాసయ్య ఎంత తొక్కినా ఇసక రాలడం లేదు. మూత తీస్తే పెట్టె నిండుగానే ఉంది. అమ్మే పట్టి ఉంచిందనుకున్నాడు.

కంపెనీ దొరకి విసుగొచ్చింది. ‘సోమవారం నేనే ఎక్కుతా. మళ్ళీ జారిందా, పట్టాలు పీకించేస్తా’ అన్నాడు. సన్యాసయ్యకి నలుగురు పిల్లలు. వేరే పని చేతకాదు.

శనివారం మధ్యాహ్నం బండి పెట్టే షెడ్డులో కునుకు తీస్తుంటే కలలో పసుపు చీర మనిషి కనపడి, ‘తడిసిపోయానురా, వెచ్చబెట్టు’ అంది. పెద్దలకి చెబితే రాయికి రెండు కంబళ్ళు కప్పించారు. ఆదివారం బండి మళ్ళీ జారింది. అప్పుడు అక్క దగ్గరికి పోయి కల సంగతి చెప్పాడు.

“అక్కా, కంబళ్ళు చాలలేదంటావా?”

“రాయికి చలేంటిరా సన్నాసీ! నీ బండిలో ఏం తడిసిందో చూసుకున్నావా?”

“అంతా తడిసిందే. పొద్దున్న ఇరవై బిందెలు పోశారు.”

“ఇసకలో కూడానా?”

“ముందు దాంట్లోనే. పసుపు కలిపి మరీ.”

అచ్చియ్యమ్మ లేచి షెడ్డుకి పోయి పెట్టెలో చెయ్యి పెట్టింది. ముద్ద వచ్చింది.

“దీంతో పిడకలు చేసుకోవచ్చు. తడిసిన ఇసకలో నేను శనగలేయిస్తే నువ్వు తింటావంట్రా?”

“అమ్మవారి నీళ్ళక్కా. పారబోస్తే పాపం.”

“ఆ పాపమేదో నాకు రాసెయ్. రేపు పని ఊడితే పిల్లలకి ఏం పెడతావు, పసుపునీళ్ళా?”

పెట్టె తనే ఖాళీ చేసి గుడ్డతో తుడిచింది. సాయంత్రందాకా ఇసక కాచి, జల్లించి, మూటలు కట్టింది. సోమవారం పొద్దున్న తుంపర పడుతోంది. మూటలు విప్పి మళ్ళీ కాచి, వేడి వేడి ఇసక పెట్టెలో పోయించి మూతేసింది. ఇంతలో పెద్దలు బిందెలతో వచ్చారు. అచ్చియ్యమ్మ అట్లకాడ పుచ్చుకుని బండికి అడ్డంగా నిలబడింది.

“తప్పుకోవే, అమ్మకి అపచారం!” అన్నారు.

“వెచ్చబెట్టమని అమ్మ చెబితే మీరు తడుపుతున్నారు. అపచారం ఎవరిది బాబూ?”

పెద్దలు బిందెలు కింద పెట్టారు.

దొర ఎక్కాడు, బండి కదిలింది. దిబ్బ సగంలో చక్రాలు ఒకసారి గిర్రున తిరిగాయి. లోపలివాళ్ళు కళ్ళు మూసుకున్నారు. సన్యాసయ్య బలంగా తొక్కాడు. కింద కరకరమంది, బండి ఊగి, పట్టు దొరికి, పైకి ఎక్కి నిలబడింది. దొర దిగి పట్టా మీద ఇసక వేలితో తీసి చూశాడు. ఇంకా వెచ్చగా ఉంది. మర్నాడే షెడ్డులో ఇసక కాచే పొయ్యి ఒకటి కట్టించమన్నాడు. సన్యాసయ్య పని నిలబడింది.

తర్వాత ముప్పై ఎనిమిదేళ్ళు ట్రాం నడిచింది, వానల్లో కూడా. బస్సులొచ్చాక ఆపేశారు, గుడి ముందు ముక్క తప్ప పట్టాలన్నీ పీక్కుపోయారు. కల్లో అమ్మ వెచ్చబెట్టమన్నది తననా, పెట్టెలో ఇసకనా అని రెండు ఊళ్ళవాళ్ళూ ఇప్పటికీ వాదించుకుంటారు. అచ్చియ్యమ్మని అడిగితే, ‘కల వాడికొచ్చింది, వాణ్ణే అడగండి’ అనేదట.

ప్రతి సోమవారం గుడి వెనక పొయ్యి మీద ఇసక కాచి అమ్మ పాదాల దగ్గర పోస్తాం. అదే నైవేద్యం, అదే ప్రసాదం. బస్సు డ్రైవర్లు, లారీవాళ్ళు, తాడిచెట్లెక్కేవాళ్ళు మూట కట్టుకుపోతారు. దిబ్బమ్మ ఇసక దగ్గరుంటే ఎత్తు ఎక్కేటప్పుడు కాలూ చక్రమూ తప్పవని నమ్మకం. మీరూ పుచ్చుకోండి. దోసిట్లో మందపాటి గుడ్డ వేసుకుని పట్టండి, కాలుతుంది.