నాగిశెట్టి చప్పట్లు

అనగనగా, రాజులు నిద్రపోయినా వర్తకులు మేలుకునే ఉండే కాలంలో, రత్నగిరి అనే పట్నంలో నాగిశెట్టి ఉండేవాడు. ఆయనకొక సుగుణం ఉంది. ఎక్కడ చప్పట్లు వినిపించినా లేచి దండం పెట్టేవాడు. పాపం, అవి దిక్కులేనివై పోకూడదని!

మొదట వడ్డీ వ్యాపారం చేశాడు. ఆయన మాట మీదే, పత్రం లేకుండా జనం సొమ్ము దాచుకునేవారు. కానీ వడ్డీకి చప్పట్లు కొట్టేదెవరు? అందుకని నాటకాల మేళాన్ని కొన్నాడు. అక్కడ చప్పట్లన్నీ రాజు వేషానికే పోయాయి. చివరికి చెడుగుడు జట్టును చేరదీశాడు.

ఆ దసరాకు మహారాజు చాటింపు వేయించాడు. పొరుగూరితో పోటీలో గెలిచిన జట్టు యజమానికి రాజశ్రేష్ఠి బిరుదట! ఆ బిరుదు శెట్టి తాత కోరుకున్నాడు, తండ్రి కోరుకున్నాడు. ఇద్దరూ కోరుకుంటూనే పోయారు.

ఆటలో అది చివరి కూత. జట్టు నాయకుడు ఓబులేసు "చెడుగుడు చెడుగుడు" అంటూ అవతలికి దూకి ఇద్దర్ని తాకాడు. ఊపిరి తెగకుండా గీత చేరితే గెలుపే. చేరాడు! శెట్టి కూలికి తెచ్చిన చప్పట్లు అప్పటికే మిన్నంటుతున్నాయి. శెట్టి లేచి దండం పెట్టాడు.

"గీతకు ముందే కూత తెగింది!" అని పొరుగూరివాళ్లు గోల చేశారు.

రాజు తీర్పరిని అడిగాడు. "ఆ చప్పట్లలో నాకేం వినబడుతుంది ప్రభూ?" అన్నాడతను. రాజు ఓబులేసునే అడిగాడు.

"తెగింది ప్రభూ."

"నీ నోరు పడిపోను! నా ఉప్పు తింటూ..." శెట్టి పళ్లు నూరాడు.

"ఉప్పు మీదే శెట్టిగారూ. ఊపిరి నాది."

రాజు శెట్టివైపు తిరిగాడు. "గీత పక్కనే కూర్చున్నావు. ఊరంతా నమ్మిన మాట నీది. నువ్వు చెప్పిందే తీర్పు."

కూత తెగడం శెట్టి విన్నాడు. ఒక్క అబద్ధంతో తాత కోరిక తీరుతుంది. కానీ మైదానం నిండా ఆయన్ని నమ్మి సొమ్ము దాచుకున్న మొహాలే. వాటి ముందు రొప్పుతూ ఓబులేసు.

"తెగింది ప్రభూ. నేనూ విన్నాను."

బిరుదు పొరుగూరికి పోయింది. కాసేపటికి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, కూలికి కాదు. శెట్టి అలవాటుగా లేచాడు. చూస్తే జనం కళ్లన్నీ ఓబులేసు మీదున్నాయి. దండానికి లేచిన చేతులతోనే ఆయనా చప్పట్లు కొట్టాడు.

చప్పట్లు మోగితే లేవకుండా కూర్చోవడం మాత్రం ఆయనకు ముసలితనంలోనూ పట్టుబడలేదు. అయినా పిల్లలూ, ఒకటి మాత్రం ఆయనకు తెలిసొచ్చింది:

కూత తెగితే ఆటే పోతుంది. మాట తెగితే మనిషే పోతాడు.