ఎడమచేతి పోలయ్య తూకం

అనగనగా. ఎప్పుడని అడగొద్దు. సముద్రం ఇప్పుడున్న చోటికి ఇంకో అరకోసు అవతల ఉన్నప్పుడు. ఊ కొట్టేవాళ్ళు కొట్టండి, నిద్రొచ్చేవాళ్ళు పడుకోండి. ఊ లేని కథ ఉప్పు లేని గంజి, నాకు సయించదు.

సముద్రం పక్కన కొఠారుపాలెం. పాలెంలో అందరిదీ ఉప్పుమళ్ళ పనే. మడికి నీళ్ళు పెట్టేది వాళ్ళు, ఎండలో ఉప్పు తీసేది వాళ్ళు, తట్టలకెత్తి గట్ల మీద మోసేది వాళ్ళు. ఉప్పు మాత్రం దొరది. ప్రతి ఉప్పుగల్లూ దొరగారి కొఠారులోకి పోవాల్సిందే. ఇంటికి వెళ్ళేముందు పాదాలకి అంటుకున్న ఉప్పు కూడా కడిగించి పంపేవాళ్ళు. అలా ఉప్పు పండించే పాలెం చప్పిడి గంజి తాగేది. నవ్వకండి, లోకం ఇప్పటికీ అంతే.

అయితే ఏడాదికోసారి పాలేనికి ఉప్పు దక్కే దారి ఒకటుంది. పోలేరమ్మ కొలుపు రోజు దొరగారి కోట ముందు గుద్దులాట పెట్టేవాళ్ళు. పిడికిళ్ళకి గుడ్డ చుట్టుకుని కొట్టుకోవడమే. వీపు నేలకి తగిలినవాడు ఓడినట్టు. గెలిచినవాణ్ణి పెద్ద తక్కెడలో ఒక పక్క కూచోబెట్టి, రెండో పక్క ఉప్పు పోసేవాళ్ళు. వాడెంత తూగితే అంత ఉప్పు వాడి పేటకి. పాత దొరెవరో పోలేరమ్మకి మొక్కిన మొక్కు అది. తర్వాత వచ్చిన ఏ దొరకీ దాన్ని తప్పే ధైర్యం లేకపోయింది.

బరులు రెండు. పెద్దబరి, చిన్నబరి. ఒక నల్లరాయితో తూచి, దానికన్నా తేలికైనవాళ్ళని చిన్నబరిలోకి పంపేవాళ్ళు. పెద్దబరిలో ఎప్పుడూ గెలిచేది కోట జెట్టి పర్వతాలు. పేరుకి తగ్గ మనిషి. చేతులకి ఇనప కడియాలు, భుజాన గద, వాటితోనే తక్కెడ ఎక్కేవాడు. కోటవాడు గెలిచాక ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది, కోటకే. పాలేనికి మిగిలింది చిన్నబరి ఒక్కటే.

ఆ చిన్నబరికి రాజు మన పోలయ్య. పొద్దున్నే ఉప్పుతట్ట నెత్తినెత్తుకునే కూలివాడు. సన్నగా, పొట్టిగా, గాలొస్తే గట్టు పట్టుకునేలా ఉండేవాడు. గెలిచాడు. మళ్ళీ గెలిచాడు. మూడో కొలుపుకీ గెలిచాడు. చిన్నబరి గెలుపు గుర్తుగా చేతికి వెండి కడియం వేశారు. పాలెం గంజిలో ఉప్పు పడింది.

మరి పోలయ్యని నెత్తిన పెట్టుకున్నారా అంటే, సగం పాలెం పెట్టుకుంది, సగం పాలెం దుమ్మెత్తిపోసింది. వాడి ఉప్పు తింటూనే వాణ్ణి తిట్టారు. దానికి మూడు కారణాలు.

మొదటిది కూత. బరిలోకి దిగేముందు తొడ చరిచి కోడిపుంజులా కూసేవాడు. రెండోది నోరు. "తూకానికి తక్కువోణ్ణి, దెబ్బకి కాదు" అంటూ ఎదుటివాడి చుట్టూ గెంతేవాడు. మూడోది అసలుది. పోలయ్యది ఎడమచేతి వాటం. ఎడమచేతి దెబ్బంటే దెబ్బా, అవమానమా? ఓడినవాళ్ళు నొప్పికి ఏడవలేదు, ఏ చేత్తో తిన్నామో తలుచుకుని ఏడ్చారు.

ఇంకో గొడవ కూడా ఉందండోయ్. బరికి ముందు నల్లరాయి కన్నా తేలిగ్గా ఉండాలి. గెలిచాక మాత్రం ఎంత బరువుంటే అంత లాభం. అందుకని పోలయ్య గెలిచిన మరుక్షణం అతని పెళ్ళాం ఆదెమ్మ పరిగెత్తుకొచ్చేది. బరికీ తక్కెడకీ మధ్య ఉన్న దారంతా తినిపించుడే. ఒక ముంత అంబలి, ఒక దోసెడు చిలగడదుంపలు, మళ్ళీ ఒక ముంత అంబలి.

"ఇంక పట్టదే ఆదీ."

"నీ కోసం తింటున్నావా మావా? పాలెం కోసం మింగు."

ఇది చూసి బరిపెద్ద రంగశాయికి ఒళ్ళు మండేది. బరిలో న్యాయం చెప్పేది ఆయనే. న్యాయం కన్నా మీసం పెద్దది. "దొరా, కడుపులో కుక్కుకున్నది కూడా తూకమేనా?" అని అడిగాడు.

దొర కడుపు పట్టుకుని నవ్వాడు. "ఒంటితో వచ్చిందంతా తూకమేనయ్యా. మన పర్వతాలు గద దింపి ఎక్కుతున్నాడా ఏంటి?"

ఈ మాట మూట కట్టి పెట్టుకోండి. తర్వాత విప్పుదాం.

నాలుగో కొలుపు వచ్చింది. పోలయ్య తొడ చరిచాడు, కూశాడు. రంగశాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. ఎడమచేత్తో తాంబూలమిస్తే పుచ్చుకుంటామా? మరి దెబ్బెందుకు పుచ్చుకోవాలి? ఇయ్యాల్టి నుంచి చిన్నబరిలో ఎడమచేతివాటం వాళ్ళకి చోటు లేదు. ఆ వెండి కడియం తీసి ఇక్కడ పెట్టు."

పోలయ్య తొడ మీంచి చెయ్యి తీసేశాడు. కుడిచేత్తో కొట్టొచ్చుగా అంటారేమో. ఆ చేత్తో కొడితే ఈగ కూడా లేవదు. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆదెమ్మకీ తెలుసు, ఈగలకీ తెలుసు.

కడియం తీసి పెట్టాడు. వెనక్కి తిరిగితే పాలెం మొత్తం నిలబడి ఉంది. ఏడాదంతా చప్పిడి గంజి అని అందరి మొహాల్లోనూ కనపడుతోంది.

"నీ కూతలే మా కొంప ముంచినయ్యిరా" అంది కోటమ్మవ్వ. పాలెంలో అందరికన్నా పెద్దది, అందరికన్నా పెద్ద నోరున్నది. "నోరు మూసుకుని గెలిస్తే ఏం పోయేది? ఇప్పుడు పిల్లోళ్ళకి ఏం పోసేది, సముద్రం నీళ్ళా?"

పోలయ్య తల వంచుకున్నాడు. ఆ తల వంగడం పాలెం అదే మొదలు చూడటం. ఆదెమ్మ అతని పక్కకొచ్చి నిలబడింది.

"మావా, చప్పిడి గంజి నాకు పుట్టినకాడి నుంచి అలవాటే. నువ్వు కుయ్యకుండా ఉంటే మాత్రం నేను చూడలేను" అంది.

పోలయ్య పెళ్ళాం మొహం చూశాడు. గిరుక్కున తిరిగి రంగశాయి దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యా, పెద్దబరిలో కూడా ఎడమ చెయ్యి పనికిరాదా?"

రంగశాయికి నవ్వాగలేదు. "పెద్దబరిలోనా? పర్వతాలు ముందా? అక్కడ ఏ చెయ్యైనా వాడుకో. నీకు చేతులంటూ మిగిలితే."

నల్లరాయి కన్నా తేలికవాడు పెద్దబరిలోకి దిగకూడదని ఎవరూ అనలేదు. అంత పిచ్చివాడు అంతవరకూ పుట్టలేదు మరి. పోలయ్య వెళ్ళి పెద్దబరిలో నిలబడ్డాడు. పర్వతాలు వంగి చూశాడు.

"ఏందిరా తమ్మీ, దారి తప్పినావా?"

"తూకానికి తక్కువోణ్ణి అన్నా, దెబ్బకి కాదు."

డప్పు మోగింది. మొదటి దెబ్బ పర్వతాలుది. దెబ్బ వచ్చింది గానీ పోలయ్య అక్కడ లేడు. పుట్టినప్పటి నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని జానెడు గట్టు మీద, తడి బురదలో నడిచిన కాళ్ళు అవి. పర్వతాలు ఇటు కొడితే అటు, అటు కొడితే ఇటు.

రెండో దెబ్బ తగిలింది. భుజానికి. పోలయ్య ఎగిరి బరి చివర మోకాళ్ళ మీద పడ్డాడు. ఆదెమ్మ కళ్ళు మూసుకుంది. వీపు మాత్రం నేలకి తగల్లేదు. లేచాడు. తొడ చరిచి కూశాడు. ఈసారి ఆ కూతకి పాలెంలో ఎవరూ తిట్టలేదు.

ఎండ ముదిరింది. నెయ్యి తాగి పెరిగిన ఒళ్ళు పర్వతాలుది, చెమటలు కారిపోతున్నాయి. అయినా అలవాటు కొద్దీ అతని కన్ను పోలయ్య కుడిచేతి మీదే ఉంది. అందరూ చూసేది కుడిచెయ్యే కదా. మూడో దెబ్బ పోలయ్యది, ఎడమచేత్తో, పక్కటెముకల కింద. పర్వతాలు "హా" అని కూలబడ్డాడు. కూలబడి, నిద్రకి వాలినట్టు నెమ్మదిగా వెల్లకిలా పడుకున్నాడు.

పాలెం అరిచిన అరుపుకి కొంగలన్నీ లేచిపోయాయి.

రంగశాయి మీసం కిందికి వాలింది. అయినా మనిషి వదల్లేదు. "సరే, గెలిచావు. తక్కెడ ఎక్కు. నీ అంత ఉప్పు పట్టుకుపో. ఎంత పెద్దబరైనా తూగేది నువ్వేగా" అన్నాడు.

నిజమే. పెద్దబరి గెలిచినా వచ్చేది ఎప్పటి ఉప్పే. ఆదెమ్మ అప్పటికే అంబలి ముంత పట్టుకుని పరిగెత్తుకొస్తోంది. పోలయ్య చెయ్యెత్తి ఆపాడు. దొర వైపు తిరిగాడు.

"దొరా, ఒంటితో వచ్చిందంతా తూకమే అన్నారు. ఆ మాట ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే" అన్నాడు దొర, ఇంకో ముంత అంబలి సంగతే అనుకుని.

పోలయ్య పర్వతాలు దగ్గరికి వెళ్ళి ఎడమ చెయ్యి చాచి లేపి కూచోబెట్టాడు. వీపు చూపించి ముందు కూచున్నాడు.

"అన్నా, నా వీపెక్కు."

"నీ నడుం విరుగుద్దిరా."

"విరిగితే విరిగింది. పాలెంలో పిల్లోళ్ళు చప్పిడి గంజి తాగతన్నారన్నా."

పర్వతాలు దొర వైపు చూశాడు. తన గద వైపు చూశాడు. చివరికి ఆ చిన్న వీపు వైపు చూశాడు. ఉన్నట్టుండి అంత మనిషికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నన్ను ఎవురూ ఎత్తుకోలేదురా తమ్మీ. పుట్టినప్పుడే బరువని మా అమ్మ కింద పెట్టేసిందంట" అన్నాడు. అని, ఎక్కాడు.

పోలయ్య లేచాడు. ఎలా లేచాడని అడగొద్దు, ఉప్పుతట్ట మోసినవాళ్ళని అడగండి. ఒక అడుగు. కాళ్ళు నేలలో దిగబడ్డాయి. ఇంకో అడుగు. కోటమ్మవ్వ ముందుకొచ్చి, "కుయ్యరా పోలిగా, కుయ్యి" అంది. ఊపిరి లేదు, అయినా కూశాడు. ఆ కూతతోనే మూడో అడుగు తక్కెడలో పడింది.

ఉప్పు పోశారు. తక్కెడ కదల్లేదు. మళ్ళీ పోశారు. కదల్లేదు. కొఠారు నుంచి కొత్త బస్తాలు తెచ్చి పోశారు. పైన పర్వతాలు చిన్నపిల్లాడిలా కాళ్ళూపుతూ, "ఇంకా పోయండి, ఇంకా పోయండి" అంటున్నాడు. దొర మొదట మొహం ముడిచాడు. పక్కన అమ్మవారు చూస్తోందని గుర్తొచ్చి నవ్వాడు. నవ్వక చేసేదేముంది?

ఆ ఏడు కొఠారుపాలెంలో ఊరగాయలు పెట్టారు. పాలెం పుట్టాక అదే మొదటి ఊరగాయ. పర్వతాలు కోట వదిలి పాలేనికొచ్చి, ఉన్నన్నాళ్ళూ అక్కడే ఉన్నాడు. రంగశాయి మాత్రం చచ్చేదాకా అది గెలుపే కాదన్నాడు. పాలెంలోనూ కొందరు ఆయన మాటే అన్నారు, ఆవకాయ నంజుకుంటూ. పోలయ్య తర్వాత ఎన్నో గెలిచాడు, కొన్ని ఓడాడు, ఓడినా కూశాడు.

ముసలివాడై, ఒకరోజు పొద్దున్నే గట్టు మీద కూచుని కూచునే పోయాడు. పాడె కట్టారు. నలుగురు ఎత్తబోతుంటే ముసలి పర్వతాలు కర్ర పారేసి వచ్చాడు.

"దించండ్రా. అప్పుడు నన్ను మోసినాడు. ఇప్పుడు నా వంతు."

వీపుకి కట్టించుకుని ఒక్కడే మోశాడు. దారంతా ఒకటే మాట. "ఇంత తేలికోడివేందిరా తమ్మీ. ఇంత తేలికోడివా." ఇసకలో పాతిపెట్టి, పాలెం అంతా తలా గుప్పెడు ఉప్పు వేసింది. ఎవరూ చెప్పకుండానే అందరూ ఎడమచేత్తో వేశారు.

ఇప్పటికీ ఆ వైపు కొలుపులో గెలిచినవాడు ఓడినవాణ్ణి వీపున ఎక్కించుకునే తక్కెడ ఎక్కుతాడు. ఉప్పు చేతికివ్వకూడదంటారు కదా, పోట్లాటలొస్తాయని. ఆ ఒక్కరోజు చేతికే ఇస్తారు, ఎడమచేతి నుంచి ఎడమచేతికి. ఏ పిల్లయినా ఎడమచేత్తో పలక పట్టుకుంటే కొట్టరు. "పోలయ్య చెయ్యి వచ్చింది" అని ఆ చేతిలో ఒక ఉప్పుగల్లు పెడతారు. ఆ పిల్ల దాన్ని చప్పరిస్తూ, ఎవరూ అడక్కుండానే, కోడిపుంజులా కూస్తుంది.

కథ కొఠారుకి, ఉప్పు మన గంజికి.