దీనమ్మ కప్పి ఉంచిన రొట్టె

“నేను ప్రార్థన చేస్తే చెల్లుతుందా, అయ్యగారూ?”

సువార్తమ్మ జీవరత్నం అయ్యగారి గడప ఇవతలే నిలబడి అడిగింది. ఇంటి దగ్గర ఆమె అక్క రాహేలు రెండురోజులుగా కొనఊపిరితో ఉంది. ఎవరైనా ప్రార్థన చేస్తారేమోనని, చూడవచ్చినవాళ్ళ ముఖాల్లోకి ఆశగా చూస్తోంది. కొత్త పాస్టరు పట్నంలో సభలకు వెళ్ళాడు. పాత పాస్టరైన ఈ అయ్యగారు తుంటి విరిగి మంచం దిగలేరు. ముప్ఫయ్యేళ్ళు ఆయన దగ్గర వాక్యం విని నేర్చుకున్నదే గాని, సువార్తమ్మకు ఈమధ్య సగం మాటలు నోటికి రావడం లేదు. మొదలుపెట్టి మధ్యలో మరచిపోతే అక్క గతి ఏమవుతుందోనని ఆమె భయం.

“విశ్వాసులందరూ యాజకులేనని మీరే చెప్పేవారు. ఈ మతిమరుపుదాన్ని, నేనెక్కడి యాజకురాలినండీ?”

అయ్యగారు మంచం పక్కనున్న పీట చూపించారు. “కూర్చోమ్మా, లంకలో ఎలీషా పోయిన సంగతి చెప్తాను” అన్నారు.

అప్పట్లో ఆయన నెలకొకసారి కృష్ణ పాయ దాటి, ఏటి నడుమనున్న లంక ఊళ్ళకు వెళ్ళి, ప్రభువు బల్ల జరిపించి, ప్రార్థించిన రొట్టె విశ్వాసులకు పంచి వచ్చేవారు. తన చెయ్యి పడనిదే ఆ రొట్టె ఎవరూ ముట్టరాదని కట్టడి చేశారు. ఒక శ్రావణమాసంలో ఎలీషా మంచాన పడ్డాడు. చివరిసారి ఆ రొట్టె నోట్లో వేసుకుని పోతానన్నాడు. భార్య దీనమ్మ రొట్టె కాల్చి, తెల్లగుడ్డ కప్పి, రేవువైపు చూస్తూ కూర్చుంది. ఏటికి వరద వచ్చింది. పడవలు ఆగిపోయాయి.

“అయ్యగారేమన్నా నీళ్ళమీద నడిచొస్తారా ఏంటే! నువ్వే ఒక మాట ప్రార్థన చెయ్యవే, నాకు భయంగా ఉంది” అని బతిమాలాడు ఎలీషా.

“ఊరుకో, పాపమొస్తుంది. వరద తియ్యగానే వస్తారు” అందామె.

వరద తీసి, అయ్యగారు వెళ్ళేసరికి శవపెట్టెకు మేకులు కొడుతున్నారు. దీనమ్మ ఏడవకుండా గుడ్డ తీసి, బూజు పట్టిన రొట్టె చూపించింది. “మీరు చెప్పినట్టే ఎవరినీ ముట్టనివ్వలేదండీ” అంది.

సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఆమెకు మీరేం చెప్పారండీ?” అని అడిగింది.

అయ్యగారు గోడవైపు ముఖం తిప్పుకున్నారు.

“ఏం చెప్పను? సమాధి దగ్గర మాత్రం ఒక్క మాట తడబడకుండా ప్రార్థన చేశాను. ఊరంతా మెచ్చుకుంది. వినాల్సినవాడు పెట్టెలో ఉన్నాడు.”